ఇంట్ల సాఫ్ట్ లూర్లు పోసుకునేటోళ్లకు: లిక్విడ్ ప్లాస్టిక్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

సాగర్ బ్యాక్‌వాటర్, డిండి, జూరాల, కోయిల్‌సాగర్, మూసీ ప్రాజెక్టు... ఎక్కడ చేపల రాడ్డు పట్టుకున్నోళ్లు కలిసినా ఈ మధ్య ఒకటే ముచ్చట, లూర్లు (హుక్కుకు గుచ్చే మెత్తటి రబ్బరు నకిలీ ఎరలు) మనమే అచ్చుల పోసుకుందామని. అడిగే డౌట్లు మాత్రం మళ్లీ మళ్లీ అవే వస్తున్నయి, అందుకే అన్నీ ఒక్కకాడ పెట్టిన. మొత్తం చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న కాడికి పోండ్రి.

## కొనకముందు

అన్నా, లిక్విడ్ ప్లాస్టిక్ అంటే అసలు ఏంది?

దాని అసలు పేరు ప్లాస్టిసాల్. సన్నటి పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంల కలిపి ఉంచుతరు, చూడనీకి తెల్లగ చిక్కగ ఉంటది. సీసాల ఎన్ని రోజులు ఉన్నా గట్టిపడది, గాలికి ఆరది. వేడి చేస్తేనే పొడి ఆ నూనెను పీల్చుకొని ఒక్కటైతది, చల్లారినంక మెత్తటి రబ్బరు అయితది. పీవీసీని ఇట్ల మెత్తగ చేసే ఉపాయం 1926ల వాల్డో సెమన్ అనే కెమిస్టుకు దొరికింది, అమెరికాల ఆక్రాన్ అనే ఊర్ల. అదే ఊర్ల 1949ల నిక్ క్రీమ్ అనే ఆయన ఇంట్లనే వినైల్ ఉడకబెట్టి ప్లాస్టిక్ ఎర్ర (వానపాము) తయారుచేసిండు. అంటే ఈ ధందా ఇంట్లనే పుట్టింది, మనం కొత్తగ చేస్తున్నది ఏం లేదు.

షాపుల లిక్విడ్ ప్లాస్టిక్ అంటే ఎపాక్సీ ఇస్తున్నరు, ఏమని అడగాలె?

లిక్విడ్ ప్లాస్టిక్ అని అడిగితే ఒకడు ఎపాక్సీ రెజిన్ ఇస్తడు, ఇంకొకడు సిలికాన్ రబ్బర్ ఇస్తడు, స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మేటాయన టీషర్ట్ మీద వేసే ప్లాస్టిసాల్ ఇంకు చేతుల పెడతడు. ఎపాక్సీ రాయి లెక్క గట్టిపడతది. సిలికాన్ అచ్చులకు బాగుంటది గని లూరుకు వద్దు. ఇంకు పేరుల ప్లాస్టిసాల్ ఉన్నా దాంట్ల రంగు, ఫిల్లర్ ఎక్కువ, బట్ట మీద పల్చటి పొర కోసం చేసింది, లూరు తోక ఆడది. అందుకే "ఫిషింగ్ లూర్లకు వాడే పీవీసీ ప్లాస్టిసాల్, రంగు లేనిది, సాఫ్ట్ లేదా మీడియం" అని పూర్తిగ అడుగుండ్రి. నల్లగొండల, పాలమూరుల దొరకది, హైదరాబాద్‌ల కెమికల్ డీలర్ల కాడ డ్రమ్ముల లెక్కన ఉండేది ఎక్కువగ డిప్ కోటింగ్‌కు (సామాను ముంచి పైన పొర పట్టించే పనికి) వాడే గట్టి గ్రేడు. చిన్న సీసాలు కావాలంటే లూర్ మేకింగ్ సామాను ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్లే దిక్కు.

పాత చెప్పులు, పీవీసీ పైపు ముక్కలు కరిగిస్తే అయిపోదా, ఎందుకు కొనుడు?

కాదు తమ్మీ. పైపు గట్టి పీవీసీ, దాంట్ల ప్లాస్టిసైజర్ ఉండది, కరగకముందే మాడి ఘాటు పొగ ఇడుస్తది. పాత పైపుల్ల సీసం కలిపిన స్టెబిలైజర్లు (వేడికి పీవీసీ విరగకుండ కలిపేటియి) కూడ ఉండొచ్చు. చెప్పుల్ల చానా వరకు ఈవీఏ, అది వేరే జాతి ప్లాస్టిక్. గ్లూ గన్ కడ్డీలు కరుగుతయి గని తోక ఆడది, ఎండకు సాగుతయి. లూరు తయారుచేయనీకి పనికొచ్చే పాత సామాను ఒక్కటే ఉంది, చిరిగిన పాత పీవీసీ లూర్లు.

సాఫ్ట్, మీడియం, హార్డ్ అని ఉంటయి గదా, కొర్రమీనుకు ఏది?

మీడియం. కొర్రమీను నోట్ల పండ్లు చూసినోళ్లకు చెప్పక్కర్లేదు, సాఫ్ట్ అయితే ఒక్క దెబ్బకు తోక ఊడుతది. పైగా మనం ఏసేది తామరాకుల్ల, తుంగల, ముండ్ల కంపల్ల, అక్కడ వీడ్‌లెస్ హుక్కు (గడ్డికి తట్టుకోకుండ చేసిన హుక్కు) మీద లూరు జారకుండ నిలబడాలె. మెల్లగ గుంజే సన్న ఎర్రలకైతే సాఫ్ట్ మంచిది, నెమ్మదిగ లాగినా కదులుతది. హార్డ్ ఒక్కటే కొనకుండ్రి, లూరు ఇంకొంచెం గట్టిగ కావాలంటే మీడియంల కలుపుకోనీకి పనికొస్తది. అసలు మీడియం సీసా ఒకటి, సాఫ్టెనర్ (మెత్తగ చేసే ద్రవం) చిన్న సీసా ఒకటి ఉంటే మెత్తదనం మనమే సెట్ చేసుకోవచ్చు.

ఫస్ట్ టైం ఎంత కొనాలె?

లీటరు దాటకుండ్రి. లీటరు ప్లాస్టిసాల్ కిలోకు కొంచెం అటూఇటూ తూగుతది, నాలుగు ఇంచుల ప్యాడిల్ టెయిల్ (తెడ్డు లాంటి తోక ఉండే లూరు) ఒకటి ఎనిమిది, పది గ్రాములు ఉంటది, అంటే వేస్టేజీ తీసేసినా దగ్గరదగ్గర వంద లూర్లు. నేర్చుకోనీకి అది మస్తు. సస్తాగ వస్తుందని అయిదు లీటర్ల క్యాన్ తెచ్చిపెడితే ఆ బ్రాండు మీకు నచ్చకపోతే అటక మీద కూసుంటది.

థాలేట్ లేనిది అని ఎక్కువ రేటు చెప్తున్నరు, అది కావాల్నా?

నా మాటైతే ఇచ్చి కొనుండ్రి. థాలేట్లు అంటే ఒక రకం ప్లాస్టిసైజర్లు. వాటిల్ల డీఓపీ లాంటివాటి మీద పిల్లల బొమ్మల్ల వాడకుండ చానా దేశాలు పరిమితి పెట్టినయి. లూరును మనం చేత్తోని పట్టుకుంటం, అదే చేత్తోని సద్ది తింటం, చిరిగిన ముక్క చెరువుల పడతది. అమ్మేటాయనను సేఫ్టీ డేటా షీట్ (దాంట్ల ఏముందో, ఏం జాగ్రత్త పడాల్నో చెప్పే కాగితం) అడుగుండ్రి, పంపకపోతే ఇంకోకాడ చూసుకోండ్రి.

ఇంత గోసెందుకు, బయట ప్యాకెట్ కొంటేనే సస్తా కాదా?

నెలకు ఒక ప్యాకెట్ ఖతం చేసేటోళ్లకు కొనుడే సస్తా, అచ్చు, థర్మామీటరు, రంగులు, పాత మైక్రోవేవ్ ఖర్చు ఎప్పటికీ తిరిగిరాదు. ప్రతి ఆదివారం నీళ్ల కాడనే ఉండేటోళ్లకు, మన చెరువు కప్ప రంగు, మన వానపాము రంగు కావాలనేటోళ్లకు ఇది లాభం.

## సీసా ఇంటికొచ్చినంక

సీసా అడుగున గడ్డ కట్టింది, మాల్ ఖరాబ్ అయిందా?

కాలేదు. పీవీసీ పొడి బరువు, అడుగుకు దిగుతది. మీది ద్రవం ఒక్కటే వంచుకుంటే దాంట్ల నూనె ఎక్కువ, పొడి తక్కువ, ఎంత ఉడకబెట్టినా లూరు జిగటగనే ఉంటది, అడుగున మిగిలింది మరీ గట్టిగ వస్తది. పొడి కట్టెతోని అడుగు దాకా గీకి, మూత బిగించి బాగ ఊపుండ్రి. ఊపినంక ఒక అరగంట ఊకెనే పెట్టుండ్రి, బుడగలు పైకి రావాలె. గడ్డ తొందరగ కరగాలని సీసాను వేడి నీళ్లల్ల పెట్టుడు మాత్రం వద్దు.

మన ఎండలకు నిల్వ ఎట్ల?

మే నెలల రేకుల షెడ్డు లోపల ఎట్ల ఉంటదో తెల్సు గదా, అక్కడ పెట్టకుండ్రి. ఇంట్ల నీడకు, మూత గట్టిగ బిగించి పెడితే చాలు. ఎండ కంటె తేమ ఎక్కువ డేంజర్, వానాకాలం మూత తెరిచి మర్సిపోతే గాలిల తేమ పట్టుకొని కరిగించేటప్పుడు నురగ, బుడగలు వస్తయి. కూల్‌డ్రింక్ సీసాల పోసి పెట్టుడు అసలే వద్దు, పిల్లలు పాలనుకుంటరు. వచ్చిన సీసాలనే, లేబుల్ ఉంచి, పిల్లలకు అందకుండ పైన పెట్టుండ్రి.

పని మొదలుపెట్టకముందు ఏమేం ఉండాలె?

వేడికి తట్టుకునే గాజు కొలత కప్పులు రెండు, 250 డిగ్రీల దాకా చూపెట్టే థర్మామీటరు, కలపనీకి స్టీలు చెంచా, తోలు గ్లౌజులు, కండ్లద్దాలు, కాళ్లకు బూట్లు, నిండు చేతుల కాటన్ అంగీ. పాలిస్టర్ టీషర్ట్ వేసుకోకుండ్రి, వేడి ప్లాస్టిక్ పడితే అది కూడ కరిగి చర్మానికి అంటుకుంటది. గాజు కప్పుకు చిన్న పగులు కనపడ్డా పడేయాలె.

## అచ్చులు

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు ఇంట్ల చేస్తే నడుస్తదా?

నడుస్తది, అందరు మొదలుపెట్టేది దాంతోనే. పెయింట్ షాపుల పీఓపీ దొరుకుతది. నచ్చిన లూరుకు వాజిలిన్ రాసి సగం దాకా ముంచితే ఒక వైపు పోసే అచ్చు అయిపోతది. అసలు కథ ఆరబెట్టుడు కాడ ఉంది. పైన ముట్టుకుంటే పొడిగ అనిపిస్తది గని లోపల నీళ్లు ఉంటయి, ఎండాకాలంల అయినా కొన్ని రోజులు ఎండల ఉంచాలె, వానాకాలం అయితే చేయకపోవుడే మంచిది. ఎండినంక ఎపాక్సీ పల్చగ పూయాలె, లేదంటే నీళ్లల్ల పల్చగ చేసిన ఫెవికాల్ రెండు మూడు కోట్లు ఇచ్చి ఒక్కో కోటు పూర్తిగ ఆరనియ్యాలె. కోటు లేకపోతే లూరు గరుకుగ వస్తది, పీఓపీ ఊడి లూరుకు అంటుకుంటది.

3డీ ప్రింట్ తీసిన అచ్చుల డైరెక్ట్‌గ పోయొచ్చా?

పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తోని ప్రింట్ తీసింది అయితే వద్దు, అది 60 డిగ్రీల కాడనే మెత్తబడతది, మనం పోసేది 160 పైన. కానీ లూరు బొమ్మను ప్రింట్ తీసి, దాని మీద సిలికాన్ అచ్చు పోసుకుంటే మంచిగ వస్తది. ప్రింట్ గీతలు ఉప్పు కాగితంతోని రుద్ది పోగొట్టుండ్రి, సిలికాన్ అన్ని గీతలను పట్టుకుంటది.

లోపల బోలుగ ఉండే కప్ప ఇంట్ల చేయొచ్చా?

అందరికీ ఇదే కావాలె, కొర్రమీను అంటే కప్పనే గదా. కానీ మామూలు అచ్చుల పోస్తే నిండు కప్పనే వస్తది, బోలు రాదు. బోలుది చేయాలంటే వేడి అచ్చు లోపలి గోడలకు పల్చటి పొర పట్టించి మిగతాది వెనక్కి వంచేయాలె, లేకపోతే లోహపు బొమ్మను ముంచి తీయాలె, పొర మందం అన్ని దిక్కుల ఒక్కతీరు రావాలె. కొత్తోళ్లను ఇది చేయమని నేను చెప్పను. కాళ్లు ఆడే నిండు కప్ప చేసుకుంటే వీడ్‌లెస్ హుక్కు మీద ఆకుల మీంచి మంచిగనే జారుతది, దూరం కూడ పోతది.

## కరిగించేటప్పుడు

వంటింట్ల మైక్రోవేవ్‌ల చేస్తే ఏమైతది? తర్వాత తుడుస్తం గదా.

తుడిస్తే పోదు. ఆవిరి లోపలి గోడలకు, ఫ్యాన్ దారిల పట్టుకుంటది, రేపు పిల్లకు పాలు వేడి చేసేది దాంట్లనే. సెకండ్ హ్యాండ్ మైక్రోవేవ్ ఒకటి కొని వరండాలనో, షెడ్డు కిందనో పెట్టి దాని మీద పెద్ద అక్షరాలతోని తిండికి కాదు అని రాయుండ్రి. కప్పులు, చెంచాలు కూడ అంతే, ఒకసారి ఇటు వచ్చినయి మళ్లీ వంటింట్లకు పోవద్దు.

మైక్రోవేవ్ లేదు, గ్యాస్ పొయ్యి మీద చేస్తే?

మంట మీద వద్దు. అడుగు మాడతది, పైన పచ్చిగనే ఉంటది, పైగా ఆవిరికి పక్కన మంట ఉండుడు మంచిది కాదు. కరెంటు హాట్ ప్లేట్ మీద మందం అడుగు స్టీలు గిన్నె పెట్టి, సన్న వేడి మీద, చెయ్యి ఆపకుండ కలిపితే అయితది. ఇండక్షన్ స్టవ్ అడుగును బర్రున వేడి చేస్తది, తక్కువ మీద పెట్టినా కండ్లు దాని మీదనే ఉండాలె.

ఎంత వేడి చేయాలె, అయిందని ఎట్ల తెలుస్తది?

ఇది ఒక్కటి సరిగ్గ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. 100 మిల్లీలీటర్లు తీసుకున్నరు అనుకోండ్రి, మామూలు మైక్రోవేవ్‌ల ఒకటిన్నర నిమిషం పెట్టి బయటికి తీసి కలపుండ్రి, ఇంకా తెల్లగనే ఉంటది. తర్వాత 30 సెకన్లు పెట్టుడు, తీసుడు, కలుపుడు. నడుమల అది చిక్కబడి ఇడ్లీ పిండి లెక్క గడ్డలు గడ్డలు అయితది, చెంచా తిరగది, ఇక్కడనే చానామంది ఖరాబ్ అయిందని భయపడి పారేస్తరు. ఖరాబ్ కాలే, పొడి నూనెను పీల్చుకుంటున్నదన్నట్టు. గడ్డలను చెంచాతోని విరగ్గొట్టుకుంట ఇంకొన్ని సార్లు పెడితే అంచుల కాడ తెల్లదనం పోయి అద్దం తీరు అయితది, మెల్లగ నడుమకు పాకుతది, అప్పుడు మళ్లీ పల్చబడతది. థర్మామీటరుల 165 నుంచి 177 డిగ్రీల మధ్యన ఉండి, ఎక్కడా తెల్ల మచ్చ లేకుండ, చెంచా ఎత్తితే సన్నటి ధార తెగకుండ పడితే అయినట్టు. ఇన్‌ఫ్రారెడ్ గన్ (ముట్టకుండ వేడి చూసే థర్మామీటరు) అయితే పైపొర వేడి ఒక్కటే చూపెడతది, అందుకే కలిపిన వెంటనే చూడుండ్రి. 165 దాకా పోకుండ తెల్లదనం ఉండంగనే పోస్తే లూరు గట్టిపడ్డట్టే కనపడతది గని గుంజితే పుటుక్కున తెగుతది.

రంగు పసుపు తిరిగింది, కండ్లు మండుతున్నయి, ఏం చేయాలె?

ఎక్కువ వేడి అయింది. దాదాపు 190 దాటితే పీవీసీ విరిగిపోవుడు మొదలైతది, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు గ్యాస్ వస్తది, కండ్లు, గొంతు మండేది దానికే. మైక్రోవేవ్ బంద్ చేసి, తలుపు తెరవకుండ, మనుషులు బయట గాలికి పోవాలె, పొగ తగ్గినంకనే వచ్చి తీయాలె. కొద్దిగ పసుపు అయితే నల్ల రంగు లూర్లకు వాడుకోవచ్చు, గోధుమ రంగు అయి మాడు వాసన వస్తే పారేయుడే. ముందుగల్లనే కొన్ని చుక్కలు హీట్ స్టెబిలైజర్ వేసుకుంటే ఈ బాధ తగ్గుతది, మళ్లీ మళ్లీ కరిగించే మాల్‌కు అది తప్పనిసరి.

నీళ్ల చుక్క పడితే నిజంగనే పేలుతదా?

పేలినట్టే చిందుతది. నీళ్లు 100 డిగ్రీలకు ఆవిరి అయితయి, మన ప్లాస్టిక్ 170 మీద ఉంది, చుక్క లోపలికి పోంగనే ఆవిరయి చుట్టున్న ప్లాస్టిక్‌ను ఎగజిమ్ముతది. తడి చెంచా, సరిగ్గ ఎండని పీఓపీ, కడిగి తుడవని అచ్చు, నుదుటి చెమట, ఏదైనా అదే కథ. మన దిక్కు ఎండలకు చెమట చిన్న సంగతి కాదు, నెత్తికి తువ్వాల కట్టుకొని పొద్దుగాల్నే పని చేసుకోండ్రి.

కరోనాకు కొన్న మాస్కు సరిపోతదా?

సరిపోదు. ఎన్95 ధూళిని ఆపుతది, ఆవిరిని ఆపది. ఆర్గానిక్ వేపర్, యాసిడ్ గ్యాస్ రెండింటికి పనికొచ్చే కార్ట్రిడ్జి (గాలిని వడగట్టే డబ్బా) ఉన్న రెస్పిరేటర్ మాస్కు కావాలె. అది ఉన్నా గాలి ఆడే కాడనే చేయాలె, గాలి మీ వీపు దిక్కు నుంచి వచ్చి పొగను అటు తీసుకపోయేటట్టు నిలబడుండ్రి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కల ఉండొద్దు.

చెయ్యి మీద పడితే?

పీకకుండ్రి, చర్మం ఊడొస్తది. వెంటనే నల్లా కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోనియ్యుండ్రి, ఐస్ వద్దు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయకుండ్రి. అంటుకున్నది అట్లనే ఉంచి దవాఖానకు పోవాలె, కంట్లకు చిందితే ఇంకా జల్ది. అందుకే పని మొదలుపెట్టేటప్పుడే నల్లా ఎక్కడుందో చూసుకోవాలె, నీళ్లు దగ్గర ఉండాలె గని కరిగించే బల్ల మీద కాదు.

నడుమల కరెంటు పోయింది, మాల్ పోయినట్టేనా?

పోలేదు. అట్లనే చల్లారనిచ్చి, గడ్డను చిన్న ముక్కలుగ కోసి, కరెంటు వచ్చినంక స్టెబిలైజర్ వేసి మళ్లీ కరిగించుకోవచ్చు. ఇంటి ఇన్వర్టర్ మీద మైక్రోవేవ్ నడపకుండ్రి, ఆ లోడు అది మోయది.

## రంగు, ఉప్పు, వాసన

ఫుడ్ కలర్, పెయింట్ వేయొచ్చా?

నీళ్లతోని చేసిన ఫుడ్ కలర్, అక్రిలిక్ పెయింట్ వేడి ప్లాస్టిక్‌ల పడితే చిందుతయి, కాబట్టి కానేకాదు. ప్లాస్టిసాల్‌కు అమ్మే రంగు చుక్కలు లేకపోతే మైకా పొడి వాడుండ్రి. బుక్ షాపుల మెరుపులు కూడ వద్దు, వేడికి వాటి రంగు దిగి లూరంత మబ్బుగ అయితది, వేడికి తట్టుకునే పాలిస్టర్ గ్లిటర్ కావాలె. రంగు సంగతికొస్తే, వాన నీళ్లు కలిసి మురికిగున్న మూసీల నలుపు, ముదురు ఊదా, నీళ్లు తేటగున్న సాగర్‌ల లోపలికి వెలుగు పోయే ఆకుపచ్చ, గోధుమ రంగులు నాకు నచ్చుతయి.

ఉప్పు ఎందుకు కలుపుతరు?

బరువు కోసం, జల్ది మునగనీకి. సన్న ఉప్పును పెనం మీద వేయించి, మిక్సీ పట్టి, పూర్తిగ పొడిగ ఉన్నప్పుడే కలపాలె, వాతావరణం తేమగుంటే ఉప్పు నీళ్లు పట్టుకుంటదని తెల్సు గదా. ఉప్పు ఎక్కువైతే లూరు బలం తగ్గుతది, రంగు మబ్బుగ అయితది. నీళ్ల మీద నడిపే కప్పకు ఉప్పు దండగ.

వాసన కలిపితే చేప ఎక్కువ పడుతదా?

జెల్లకు, వాలుగకు వాసన పని చేయొచ్చు, కొర్రమీను మాత్రం కదలిక చూసి కొడతది అని నా నమ్మకం. కలపాలంటే సోంపు నూనె, వెల్లుల్లి నూనె లాంటివి, అచ్చు నుంచి తీసినంక కవర్ల రెండు చుక్కలు వేసి ఊపితే చాలు. మరుగుతున్న ప్లాస్టిక్‌ల పోస్తే సగం ఆవిరయి పోతది.

## పోసేటప్పుడు, తీసినంక

తోక చివర నిండుత లేదు, పైన గుంత పడుతున్నది, ఎందుకు?

రెండు వేర్వేరు సంగతులు. తోక నిండకపోతే అచ్చు సల్లగుందన్నట్టు, ముఖ్యంగ అల్యూమినియం అచ్చు చలికాలం పొద్దుగాల. ప్యాడిల్ తోక కాడ మెడ సన్నగ ఉంటది, ప్లాస్టిక్ అక్కడికి వచ్చేసరికే చల్లారి ఆగిపోతది. మొదటి రెండు పోతలు వేడి కోసమే అనుకొని పోసి, తీసి మళ్లీ కప్పుల వేసుకోండ్రి. ఒక వైపు తెరిచి ఉండే అచ్చు అయితే ముందు తోకల కొంచెం పోసి, అది నిండినంక మెల్లగ తల దిక్కు రావాలె, ధార సన్నగ, ఒకే కాడ నుంచి, అప్పుడు గాలి పక్కకు తప్పుకుంటది. ఇగ గుంత అంటరా, ప్లాస్టిక్ చల్లారుకుంట ముడుచుకుంటది, అందుకే పోసే రంధ్రం కాడ కొంచెం ఎత్తుగ నిలబెట్టి, కిందికి దిగంగనే వేడిగున్నప్పుడే ఇంకొంచెం పోయాలె. చల్లారినంక పోస్తే అతుకు పడతది, చేప గుంజినప్పుడు అక్కడనే ఊడుతది.

లూర్లు వంకర వస్తున్నయి.

అచ్చు నుంచి తీసినంక కుప్ప పోసిన్రన్నట్టు. అయిదు, పది నిమిషాలు అచ్చుల ఉంచి, తీసి చల్లటి నీళ్లల్ల వేసి, తర్వాత సమానంగున్న పళ్లెంల ఒక్కొక్కటి సాపుగ పండబెట్టి ఒక రోజు ముట్టకుండ్రి. వంకర అయినదాన్ని మరిగిన నీళ్లల్ల కొన్ని సెకన్లు ముంచి సాపుగ పెడితే మళ్లీ సర్దుకుంటది. వంకర లూరు నీళ్లల్ల గిరగిర తిరిగి లైను మెలిపెడతది, అందుకే ఇది చిన్న విషయమని ఇడువకుండ్రి.

టాకిల్ బాక్స్ (లూర్లు, హుక్కులు పెట్టుకునే డబ్బా) కరిగిపోయింది, రంగులు ఒకదానికొకటి అంటుకున్నయి!

లూరులున్న ప్లాస్టిసైజర్ కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలను, హార్డ్ లూర్ల రంగును మెత్తగ చేసి కరిగిస్తది. పాలిథీన్ జిప్ కవర్లల్ల, ఒక్కో రంగు ఒక్కో కవర్ల పెట్టుండ్రి, నలుపు పక్కన తెలుపు పెడితే వారంల తెలుపు బూడిద రంగు అయితది. టీపీఈ అనే సాగే రకం లూర్లను పీవీసీ లూర్లతోని అసలే కలపకుండ్రి, రెండూ ముద్ద అయితయి.

## చెరువు కాడ

మన ఊరి చెరువుల వేయొచ్చు గదా, ఎవరన్నా అంటరా?

అంటరు. చెరువుల్ల చేపల హక్కు ఎక్కువగ మత్స్య సహకార సంఘాల చేతుల ఉంటది, పిల్లలు ఇడిచి పెంచుకునేది వాళ్లే. పోకముందు సంఘపోళ్లను అడుగుండ్రి, ఒక్కటి రెండు కొర్రమీన్లు పట్టి ఇడిచిపెడతమంటే చానామంది కాదనరు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కిందికి వచ్చే కృష్ణ ఒడ్డుకైతే ఫారెస్టోళ్ల పర్మిషన్ వేరే.

చిరిగిన లూర్లు, మిగిలిన ద్రవం ఏం చేయాలె?

నీళ్లల్ల పడేస్తే కుళ్లవు, చేప మింగితే కడుపుల ఉబ్బి ఉంటయి. జేబుల ఒక కవర్ పెట్టుకొని చిరిగినయన్నీ ఇంటికి తెచ్చుకోండ్రి, నీళ్లు లేకుండ రెండు మూడు రోజులు ఆరబెట్టి, హుక్కులు, సీసం ముక్కలు అన్నీ తీసేసి, కొత్త ప్లాస్టిసాల్ కొంచెం, స్టెబిలైజర్ నాలుగు చుక్కలు వేసి కరిగిస్తే నల్ల లూర్లు మంచిగ వస్తయి. ఒక్క హుక్కు ముక్క ఉండిపోయినా మైక్రోవేవ్‌ల నిప్పురవ్వలు లేస్తయి. వాడకుండ మిగిలిన ద్రవాన్ని మోరీల, కాలువల పోయకుండ్రి, వేడి చేసి గట్టి ముద్ద చేస్తే మళ్లీసారికి పనికొస్తది, వద్దనుకుంటే పొడి చెత్తల వేయొచ్చు.